ఆషాఢం సేల్‌లో చేతులకి తీరిక లేదు, నెయిల్ పాలిష్ రెండు రోజులకే పెచ్చులు ఊడుతోంది. ఏం చెయ్యాలి?

జరీఅంచు, విజయవాడ:

అందరికీ నమస్కారం. నేను వన్‌టౌన్‌లో ఒక చీరల కొట్లో సేల్స్‌లో ఉన్నాను. పొద్దున పదింటి నుంచి రాత్రి కొట్టు కట్టేదాకా పరుపు మీద కూర్చుని చీరలు విప్పడం, చూపించడం, మళ్ళీ మడత పెట్టడం. ఇప్పుడు ఆషాఢం సేల్ నడుస్తోంది. అది అయ్యీ అవ్వగానే శ్రావణం, వరలక్ష్మీ వ్రతం, పెళ్ళి బట్టలు. ఇక ఊపిరాడదు.

నా గొడవ నెయిల్ పాలిష్. కొనేవాళ్ళు చూసేది చీరనే, కానీ ఆ చీర మీద అస్తమానం తిరిగేది మా చేతులు. కొంగు పరిచి "ఈ బుటా చూడండమ్మా, ఎంత సన్నంగా నేశాడో" అని వేలు పెట్టి చూపించాలి. ఆ వేలికి సగం ఊడిన ఎర్ర రంగు ఉంటే నాకే సిగ్గుగా ఉంటుంది. కొట్లో కూడా చెప్పేశారు, వేసుకుంటే నీటుగా ఉండాలి, లేకపోతే అసలు వేసుకోవద్దని. మా అమ్మ రెండోదే మంచిదంటుంది. నాకేమో చిన్నప్పటి నుంచీ గోళ్ళకి రంగంటే ఇష్టం, మానను.

అందం సంగతి అలా ఉంచితే, పెచ్చు లేచిన చోట అంచు పదునుగా తయారై పట్టు పోగులు తగులుకుంటున్నాయి. మొన్న ఒక కంచిపట్టు చీర మడత పెడుతుంటే వెనకవైపు జరీ పోగు నా బొటనవేలి గోటికి చిక్కుకుని పైకి లేచింది. తెగలేదు కాబట్టి సరిపోయింది. తెగితే ఆ చీర ఖరీదు నా జీతంలో ఎన్ని నెలలు తినేదో!

నేను ఎలా వేసుకుంటానో చెప్తాను. రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు తోమేసి, గోరువెచ్చటి నీళ్ళలో కాస్త షాంపూ వేసి పది నిమిషాలు చేతులు నానబెడతాను, పార్లర్లో చేసినట్టే. గోటి మొదట్లో చర్మం వెనక్కి నెట్టి, తుడుచుకుని, కొబ్బరినూనె రాసి వేళ్ళు మర్దన చేసుకుంటాను. తర్వాత అడుగున బేస్ కోటు, దాని మీద రెండు కోట్లు రంగు, అన్నిటికీ పైన టాప్ కోటు. అన్నీ బీసెంట్ రోడ్డులో కొన్నవే, మరీ చవక రకం కావు. ఫ్యాన్ కింద ఓ పావుగంట ఆరనిచ్చి పడుకుంటాను.

మర్నాడు సాయంత్రానికి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కొనల దగ్గర లేస్తాయి. ఉంగరంవేలు, చిటికెనవేలు వారం దాకా బాగానే ఉంటాయి. ఎడమచెయ్యి కొంచెం నయం. అప్పుడప్పుడూ ఒక వేలికి రంగు మొత్తం స్టిక్కర్‌లా ఒకే పొరగా ఊడొచ్చేస్తుంది, అది ఇంకా విచిత్రం.

బ్రాండ్ మార్చాలా? లైటు కింద గట్టిపరిచే జెల్ పాలిష్ వేయించుకోవాలా? ఆషాఢం కదా, గోరింటాకు కూడా పెట్టుకోవాలి, దాని మీద పాలిష్ వేసుకోవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పటమట పిల్ల:

అక్కా, ఇవన్నీ ఎందుకు, జెల్ వేయించేసుకో. రెండు వారాలు టెన్షన్ ఉండదు. నేను ఆఫీసులో రోజంతా కీబోర్డు కొడతాను, ఒక్క గీత పడలేదు. లైటు కింద పెట్టి తీసిన నిమిషానికే గట్టిపడిపోతుంది, ఆరబెట్టుకునే పని కూడా లేదు. డబ్బులు కొంచెం ఎక్కువే, కానీ రెండు రోజులకోసారి చెరిపి వేసుకునే బాధ తప్పుతుంది కదా.

అరండల్‌పేట ఆంటీ, గుంటూరు:

అమ్మాయ్ జరీఅంచూ, నేను అరండల్‌పేటలో చాలా ఏళ్ళు పార్లర్ నడిపాను. ఇప్పుడు మూసేశాను, తెలిసినవాళ్ళ పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చెయ్యడం వరకే. కాబట్టి పార్లర్ గుట్టు బయటపెడితే నాకు పోయేదేం లేదు. వేడినీళ్ళలో చేతులు నానబెట్టేది వచ్చినావిడ హాయిగా సోఫాలో వెనక్కి వాలడానికీ, చర్మం మెత్తబడి మా పని తేలికవ్వడానికీ. రంగు నిలవడానికి అది శత్రువు. నువ్వు ఆ ముక్కని మాత్రం జాగ్రత్తగా కాపీ కొట్టావు.

గోరు చూడ్డానికి గాజులా ఉంటుంది గానీ నీళ్ళు పీలుస్తుంది. పీల్చి కొంచెం ఉబ్బుతుంది, వంపు కూడా మారుతుంది. నువ్వు ఉబ్బిన గోటి మీద రంగు వేస్తున్నావు. తెల్లారేసరికి ఆ నీళ్ళు ఆరిపోయి గోరు మళ్ళీ మామూలుగా అవుతుంది. ఎండిన రంగు పొర దానితో పాటు ముడుచుకోలేదు. అక్కడే పట్టు వదిలేస్తుంది. పైకి ఏమీ కనిపించదు, మర్నాడు ఏదో ఒకటి తగలగానే లేస్తుంది. దాని మీద మళ్ళీ నువ్వు కొబ్బరినూనె! తుడిచినా నూనె గోటి పక్క సందుల్లో, చర్మం కింద ఉండిపోతుంది. ఒకే పొరగా ఊడొస్తోంది అన్నావే, అది అచ్చంగా దీని పనే. కొనల దగ్గర పెచ్చు లేస్తే దెబ్బ తగిలిందనుకోవాలి. మొత్తంగా ఊడొస్తే మాత్రం గోటికీ రంగుకీ మధ్య ఏదో అడ్డం ఉంది. నూనో, తడో, లేకపోతే చర్మమో.

చర్మం సంగతి కూడా విను. గోటి మొదట్లో చర్మాన్ని వెనక్కి నెట్టానన్నావు కదా, నెట్టాక గోటి మీదే అతుక్కుని పల్చటి, కంటికి ఆనని పొర ఒకటి మిగిలిపోతుంది. దాని మీద వేసిన రంగు గోటికి అంటుకోలేదు, చచ్చిన చర్మానికి అంటుకుంది. స్నానం చేసి బయటికొచ్చాక, అంటే రంగు వేసుకోవడానికి ఒక పూట ముందు, మెత్తటి తువాలు వేలికి చుట్టి గోటి మొదట్లో గుండ్రంగా రుద్దు. చాలావరకు అదే పోతుంది. మిగిలింది పుల్లతో నెమ్మదిగా గీకు. కత్తిరించొద్దు. ఆ చర్మం గోటి వేరుకి కాపలా, అది తెగితే గోరుచుట్టు వస్తుంది. చీరల సీజన్లో గోరుచుట్టు వస్తే ఇక దాని మీద రోకటిపోటే.

ఇప్పుడు వేసుకునే రోజు. నీళ్ళు ముట్టుకుని కనీసం గంట అయ్యుండాలి, రెండు గంటలైతే మరీ మంచిది. రాత్రి గిన్నెలు తోమిన చేత్తో మాత్రం కూర్చోకు. సెలవు రోజు మధ్యాహ్నం, ఇంట్లో అందరి భోజనాలు అయ్యి కాస్త సద్దుమణిగాక పెట్టుకో. గోళ్ళని ఫైల్‌తో ఒకే వైపుకి అరగదియ్యి, ముందుకీ వెనక్కీ రంపంలా కొయ్యకు, కొన పొరలు విడిపోతుంది. ఇనుప ఫైల్ కంటే గాజుదో, సన్న గరుకు కాగితందో మేలు. నీ పనికి నలుపలకల ఆకారం పనికిరాదు, మూలలే ముందు తగులుతాయి. గుండ్రంగా, వేలి కొన దాటీ దాటనట్టు ఉంచు.

తర్వాత దూదికి రిమూవర్ అద్ది, రంగు లేకపోయినా సరే, ప్రతి గోరూ తుడువు. ఇక్కడ ఆగి వెలుతురులో చూసుకో. తుడిచిన రెండు క్షణాలకి గోరు మొత్తం మెరుపు పోయి, తెల్లగా పొడిబారినట్టు కనిపించాలి. ఎక్కడైనా, ముఖ్యంగా పక్క సందుల్లో, సన్నగా మెరుస్తోందంటే అక్కడ జిడ్డు ఇంకా ఉందన్నమాట. మళ్ళీ తుడువు. రిమూవర్ మాత్రం మామూలు ఎసిటోన్‌ది తీసుకో. విటమిన్ ఇ, బాదం నూనె కలిపాం అని సీసా మీద రాసేవి రంగు చెరపడానికి బాగుంటాయి, ఈ పనికి కాదు. చేతులకి రాసుకునే శానిటైజర్‌తో తుడుద్దామనుకుంటావేమో, అందులో గ్లిజరిన్ ఉంటుంది, అది కూడా పొర వదిలి పోతుంది. తుడిచాక ఆ వేళ్ళతో జుట్టు సవరించుకోకు, మొహం ముట్టుకోకు. పార్లర్లో పెళ్ళికూతుళ్ళ దగ్గర నా పెద్ద యుద్ధం ఇదే, ఫోన్ మోగగానే చెవి దగ్గర పెట్టేసుకుంటారు.

రంగు వెయ్యడంలో ముఖ్యమైంది గోటి కొన. బేస్ కోటు అయినా, రంగయినా, టాప్ కోటయినా ముందు బ్రష్‌ని నిలువుగా పట్టుకుని గోటి అంచు మందం మీద, అంటే ఎదురుగా వేలిని కంటికి ఎత్తి చూస్తే సన్నటి గీతలా కనిపిస్తుందే, ఆ గీత మీద ఒకసారి లాగు. తర్వాతే గోటి పైన. అంచు మూసుకుపోతే నీళ్ళు కిందకి దూరవు, గుడ్డ పోగు కిందకి దూరదు. నీ బొటనవేలికి సగం రోగం దీనితో కుదురుతుంది. కోట్లు పల్చగా ఉండాలి. బ్రష్ ఒకవైపు సీసా మూతికి ఒత్తి తుడిచి, మధ్యలో ఒక గీత, అటొకటి ఇటొకటి. చర్మానికి ఆనకుండా వెంట్రుకవాసి వదులు. రంగు చర్మం మీదకి పాకితే అక్కడి నుంచే లేవడం మొదలవుతుంది. మొదటి కోటు చారలు చారలుగా, వికారంగా కనిపిస్తుంది. కనిపించనీ. దాన్ని సరిచేద్దామని మళ్ళీ మళ్ళీ పూస్తేనే మందమై, లోపల పచ్చిగా ఉండిపోతుంది. కోటుకీ కోటుకీ మధ్య మూడు నాలుగు నిమిషాలు ఆగు.

పావుగంటకి ఆరిపోయినట్టు ఉంటుంది, ముట్టుకుంటే అంటదు. అంతమాత్రాన గట్టిపడినట్టు కాదు. ఆ రోజంతా అది కొంచెం మెత్తగానే ఉంటుంది. అందుకే పడుకునే ముందు వేసుకోవద్దంటున్నాను. దుప్పటి నేత అచ్చు గోటి మీద పడి, పొద్దున్నే వేడినీళ్ళ తలస్నానం కూడా అయితే ఇంక అది నిలవమంటే ఎక్కడ నిలుస్తుంది? వేసుకున్న ఓ గంట తర్వాత కావాలంటే అప్పుడు రాసుకో కొబ్బరినూనె, గోటి చుట్టూ చర్మానికి. రంగు కింద ఉంటే చెరుపు, పైన ఉంటే మేలు.

ఇంకొకటి అడుగుతాను, నిజం చెప్పు. కొత్త చీరల గుండుసూదులు గోటితోనే లాగుతున్నావు కదూ? ధర చీటీ పిన్ను కూడా? నువ్వు రాయలేదు గానీ కుడి బొటనవేలు, చూపుడువేలు అనగానే నాకు అర్థమైంది. కనుబొమలకి వాడే ప్లక్కర్ ఒకటి దగ్గర పెట్టుకో. గోటిని పనిముట్టుగా వాడినంతకాలం ఏ దేశం రంగు తెచ్చినా ఇంతే. ఇంట్లో కూడా స్టీలు డబ్బా మూతలు, వెల్లుల్లి పొట్టు, చిక్కుడుకాయ ఈనెలు, అన్నిటికీ ఆ రెండు గోళ్ళే కదా మనకి.

ప్రతి రెండో మూడో రోజు టాప్ కోటు ఒక్కటి, అంచుతో సహా, పల్చగా వేసుకో. చిన్న పెచ్చు లేస్తే దాన్ని పీకకు. పీకితే గోటి పై పొర కూడా కొంత వస్తుంది, తర్వాత అక్కడ ఏదీ పట్టదు. ఫైల్‌తో ఆ అంచు నున్నగా చేసి, ఆ ముక్క వరకు రంగు అద్ది, ఆరాక మొత్తం గోటికి టాప్ కోటు. చీర పోగు తగులుకోకుండా ఉండటానికి కొట్లో సంచిలో ఒక చిన్న ఫైల్ పెట్టుకుంటే చాలు.

గోరింటాకు భేషుగ్గా పెట్టుకో. అది గోటి పైన కూర్చునే రంగు కాదు, గోటిలోకి ఇంకి అక్కడే పట్టేస్తుంది, అందుకే పెచ్చులు ఊడదు. గోరు పెరిగే కొద్దీ ముందుకు జరిగి నెలల తర్వాత కత్తెరకి వెళ్ళాల్సిందే. కానీ రాత్రంతా తడి ముద్ద కింద ఉన్న గోరు కాబట్టి మర్నాడే పాలిష్ వెయ్యకు. ఎర్రగా పండాలని నిమ్మరసం, పంచదార, నూనె కూడా రాస్తారు కదా. ఒకటి రెండు రోజులు పోనిచ్చి, రిమూవర్‌తో బాగా తుడిచి వేసుకో. పల్చటి లేత రంగులు వేస్తే కింద నారింజ కనిపిస్తుంది, అది నీ ఇష్టం.

జరీఅంచు, విజయవాడ:

ఆంటీ, మీరు నా పక్కన కూర్చుని చూసినట్టు చెప్పారు! గుండుసూదులు గోటితోనే లాగుతాను, అందరం అంతే. ప్లక్కర్ ఆలోచన మా కొట్లో ఎవరికీ రాలేదు.

ఇంకో మూడు సందేహాలు. నా ఎరుపు సీసా సగానికొచ్చేసరికి జామ్‌లా చిక్కబడిపోయింది, రెండు చుక్కలు రిమూవర్ పోస్తే సరిపోతుందా? ఫ్యాన్ బదులు హెయిర్ డ్రయ్యర్ పెడితే త్వరగా గట్టిపడుతుందా? మూడోది, లేత గులాబీ రంగు వేసుకున్నప్పుడు కుడిచేతి గోళ్ళు రెండు రోజులకి పసుప్పచ్చగా మారిపోతున్నాయి, పప్పన్నం మహిమ. దానికేమైనా ఉందా?

ఆటోనగర్ పెయింటర్, విజయవాడ:

చెల్లెమ్మా, ఇది మా ఆవిడ చదువుతూ నాకు చూపించింది. మగాడికి గోళ్ళ రంగుతో పనేంటి అనుకోవద్దు. ఆటోనగర్‌లో బళ్ళకి పెయింటింగ్ చేస్తాను. నెయిల్ పాలిష్‌లో గట్టి పొర కట్టేది నైట్రోసెల్యులోజ్. 1920ల్లో అమెరికాలో కార్లకి త్వరగా ఆరే రంగు వచ్చిందంటే దాని వల్లే. మేం ఎన్‌సీ పుట్టీ, ఎన్‌సీ లక్కర్ అంటామే, ఆ ఎన్‌సీ అదే. కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు.

ఆంటీగారు అంచు గురించి చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు. కారణం కూడా చెప్తాను. తడి రంగు పదునైన అంచు మీద నిలవదు, వెనక్కి లాక్కుంటుంది. బానెట్ అంచు, డోర్ అంచు చూడండి, బండి మొత్తం బాగున్నా అక్కడ ముందు ఊడుతుంది. ఎందుకంటే అక్కడ పొర పల్చన. దెబ్బలు తగిలేదీ అక్కడే. అందుకే మేం ముందు అంచులకి ఒక చెయ్యి కొట్టి, తర్వాత మధ్యకి వస్తాం. త్వరగా ఆరే టాప్ కోట్లు ఆరేటప్పుడు కొంచెం ముడుచుకుంటాయి కూడా. అంచు మీదకి మడవకపోతే కింద రంగుని కొన నుంచి వెనక్కి లాగేస్తాయి.

తుడవడం సంగతీ అంతే. ప్రైమర్, అంటే రంగు కింద వేసే మొదటి పూత, కొట్టే ముందు మేం గుడ్డతో తుడిచిన చోట కుర్రాళ్ళని అరచెయ్యి పెట్టనివ్వను. పెడితే ఆ జిడ్డుకి రంగు పట్టక చిన్న చిన్న గుంటలు పడతాయి, పని మళ్ళీ మొదటికొస్తుంది.

చిక్కబడిన సీసాలో రిమూవర్ పొయ్యొద్దు. రంగులో ఉండేవి నెమ్మదిగా, ఒక లెక్కలో ఆవిరయ్యే ద్రావకాలు, ఎక్కువగా ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్. అవి ఎగిరిపోవడం వల్లే చిక్కబడుతుంది, కాబట్టి వాటినే తిరిగి కలపాలి. నెయిల్ పాలిష్ థిన్నర్ అని చిన్న సీసాలు దొరుకుతాయి, రెండు మూడు చుక్కలు వేసి కాసేపు ఉంచి అరచేతుల మధ్య దొర్లించండి. ఊపితే బుడగలొస్తాయి. రిమూవర్‌లో ఎసిటోన్ మరీ తొందరగా ఎగిరిపోతుంది, పొర సాఫుగా పరుచుకునే టైము ఇవ్వదు. పైగా చాలా రిమూవర్లలో నీళ్ళు, నూనె, సెంటు కలుపుతారు, అవి లక్కర్‌లో పడితే ఇక అది లక్కర్ కాదు. అలాగని మా షాపుల్లో దొరికే ఎన్‌సీ థిన్నర్ మాత్రం గోళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకండి. అందులో టోలుయీన్ లాంటి ఘాటు ద్రావకాలు ఉంటాయి. మా కుర్రాళ్ళు దాంతో చేతులు కడుక్కుంటే నేను తిడతాను.

హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి వద్దు. పైన తోలు కట్టేసి లోపల ద్రావకం చిక్కుకుపోతుంది. అది బయటికి రావడానికి బుడగలు లేస్తాయి, లేకపోతే గంటల తరబడి లోపల పచ్చిగా ఉండి, గోటితో నొక్కితే దిగబడుతుంది. చల్లగాలి చాలు, అదీ దూరం నుంచి. వానాకాలంలో ఇంకో తిప్పలుంది. ద్రావకం ఎగిరేటప్పుడు పొర చల్లబడి గాలిలో తేమ దాని మీద పడుతుంది, లక్కర్ తెల్లబారిపోతుంది. కుండపోతగా వాన పడుతున్న పూట మేం ఎన్‌సీ పని పెట్టుకోం. మీరూ కిటికీ పక్కన కాకుండా లోపలి గదిలో కూర్చుంటే మంచిది.

మూత పెట్టే ముందు సీసా మూతి తుడవడం మర్చిపోకండి. అక్కడ ఎండిన రంగు ఉంటే మూత బిగుసుకోదు, సీసా చిక్కబడేది సగం దాని వల్లే.

నైట్‌డ్యూటీ, గుంటూరు:

నేను నర్సుని, డ్యూటీలో మాకు పాలిష్ నిషేధం. సెలవుల్లో వేసుకుని డ్యూటీకి ముందు చెరిపే బాపతు. ఐనా రెండు విషయాలు చెప్పాలనిపించింది.

చేతులు రోజుకి ఎన్నోసార్లు తడిసి ఆరి, తడిసి ఆరి, గోటి కొనలు పొరలు పొరలుగా చీలిపోవడం మా దగ్గర అందరికీ ఉంది. అలాంటి గోటి మీద పై పొర రంగుతో సహా ఊడుతుంది, తప్పు రంగుదనుకుంటాం. ముందు ఆ చీలిన భాగం పెరిగి కత్తిరించేదాకా పొట్టిగా ఉంచుకోవాలి. చేతి గోరు నెలకి సుమారు మూడు మిల్లీమీటర్లే పెరుగుతుంది, కాబట్టి ఓపిక కావాలి. గిన్నెలకి, బట్టలకి రబ్బరు గ్లవ్స్ వేసుకోండి, లోపల పల్చటి నూలు గ్లవ్స్ ఉంటే చెమట పట్టదు. లోపల నీళ్ళు దూరిన గ్లవ్స్ వేసుకోవడం కంటే వేసుకోకపోవడం నయం. గుంటూరులో కారం పట్టించే ముందు మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళందరికీ ఇదే చెప్తాను, గోళ్ళ కోసం కాకపోయినా మంట కోసమైనా.

పటమట పిల్ల చెప్పిన జెల్ గురించి. అది గట్టిపడటానికి వాడేవి ఎక్రిలేట్లు అనే రసాయనాలు. గట్టిపడకముందు చర్మానికి తగిలితే కొందరికి ఎలర్జీ వస్తుంది, ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఆ జాతి పదార్థాలు పళ్ళ ఫిల్లింగుల్లో, ఎముకల ఆపరేషన్ సిమెంటులో కూడా ఉంటాయి, అందుకే తేలిగ్గా తీసుకోకూడదు. కొన్ని జెల్స్‌లో లైటుకి గట్టిపడేలా చెయ్యడానికి వాడే టీపీఓ అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్‌లో 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించారు. జెల్ అసలు వద్దని కాదు. ఇంట్లో ఆన్‌లైన్ కిట్టు, చిన్న లైటు కొని చర్మం మీదంతా పూసుకోవద్దంటున్నాను. వేయించుకుంటే చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గర వేయించుకోండి, తీయించడానికి కూడా వాళ్ళ దగ్గరికే వెళ్ళండి.

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే పాలిష్ చెరిపేసి పంపండి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ ముదురు రంగుల మీద తేడాగా చూపించొచ్చు, మేం గోటి రంగు కూడా చూసుకోవాలి. అర్ధరాత్రి మా దగ్గర రిమూవర్ కోసం పరుగులు పెట్టేవాళ్ళని చూస్తూనే ఉంటాను.

పటమట పిల్ల:

అమ్మో, నాకు ఇంత తెలియదు. ఐతే నిజం చెప్పాలంటే నాది కొన దగ్గర కొంచెం లేస్తే మీటింగ్‌లో కూర్చుని పీకేస్తూ ఉంటాను, కింద గోరు గరుకుగా తెల్లగా ఉంటోంది. అదేనా మీరనేది?

అరండల్‌పేట ఆంటీ, గుంటూరు:

అదే తల్లీ. జెల్ పట్టు గట్టిది కాబట్టి పీకితే గోటి పొర పట్టుకుని వస్తుంది. పైన కొంచెం అరగదీసి, ఎసిటోన్ దూది పెట్టి, అల్యూమినియం రేకు చుట్టి పావుగంట వదిలేస్తే మెత్తబడి తనే జారుతుంది. ఆ తెల్ల గరుకు పెరిగి పోవాల్సిందే, ఏ నూనే దాన్ని అతికించదు. ఈలోపు పొట్టిగా ఉంచి, బేస్ కోటు ఒక్కటీ వేసుకుని తిరుగు.

పెయింటర్ బాబు చెప్పింది చదివి నాకు ముచ్చటేసింది. ఇన్నేళ్ళూ నేను అంచు మీద ఎందుకు లాగుతున్నానో నాకే ఇంత బాగా తెలీదు, మా గురువుగారు లాగమన్నారు, లాగాను.

జరీఅంచూ, నీ పసుపు సంగతి. పసుపు లేత రంగుల్ని, గోటినీ కూడా పట్టుకుంటుంది, అందులోనూ నూనెతో కలిసిన పసుపు మరీ. పప్పు, పులిహోర, ఆవకాయ తినే చేతికి లేత గులాబీ, తెలుపు, పాలమీగడ రంగులు కష్టం. టాప్ కోటు కొత్తగా ఉన్నన్నాళ్ళు పైపైనే ఉంటుంది, తిన్న వెంటనే సబ్బుతో కడిగితే చాలావరకు పోతుంది. టాప్ కోటు అరిగిపోయాక లోపలికి ఇంకితే ఇక చెరపడమే. మరక పోవాలని నిమ్మచెక్కతో, బేకింగ్ సోడాతో రుద్దేవాళ్ళున్నారు, దాంతో మెరుపు కూడా పోతుంది. కొట్లో స్పూన్‌తో తినే అలవాటుంటే సరేసరి, లేకపోతే కుడిచేతి కోసం ముదురు రంగులే తీసుకో. ఎరుపు, మెరూన్, వంకాయ రంగు పసుపుని మింగేస్తాయి. కానీ వాటిలో పెచ్చు లేస్తే దూరం నుంచి కనిపిస్తుంది. రెండూ వద్దనుకుంటే గోటి రంగుకి దగ్గరగా ఉండే చామనఛాయ, ఇటుక గులాబీ రకాలు ఉంటాయి, కొన కొంచెం లేచినా ఎవరికీ తెలీదు, పసుపూ అంతగా కనపడదు. సేల్ నడిచే ఈ రెండు నెలలూ అవి వాడి, ఎరుపు దసరాకి దాచుకో.

బ్రాండ్ మార్చాలా అని మొదట్లో అడిగావు, దానికి ఎవరూ చెప్పలేదు. ఉన్నవే వాడు. కొనాలనిపిస్తే బేస్ కోటు, టాప్ కోటు మంచివి కొను, రంగు ఏదైనా ఫర్వాలేదు. రెండూ ఒకే సీసాలో అని అమ్ముతారు, అవి తీసుకోకు. బేస్ అంటుకోవడానికి చేస్తారు, టాప్ గట్టిగా నిలవడానికి, రెండు పనులూ ఒకటే చెయ్యాలంటే ఏదో ఒకటి తగ్గుతుంది.